డోలు చర్చి బయటే ఎందుకు ఉండిపోయింది?
1860లలో గోదావరి పనులు చూసిన ఇంజనీరు హేగ్ చొరవతో దుమ్ముగూడెంలో మన కోయల మధ్య మిషన్ మొదలైంది. తర్వాత జాన్ కెయిన్ మన భాష నేర్చుకుని సువార్త భాగాల్ని కోయలోకి తెచ్చారు.

తెలుగువాళ్లకి 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి దేశీ రాగాల్లో కీర్తనలు రాశారు, అవి వాళ్ల సొంతమయ్యాయి. మా చర్చిలో ఇప్పటికీ ఆ తెలుగు కీర్తనలే. డోలు వేల్పులదని పెద్దలు బయటే ఉంచారు. పాత మొక్కులు వదిలి వచ్చినవాళ్ల భయం అది, తప్పు పట్టలేం. కానీ పెళ్లిళ్లలో తెల్లవార్లూ పాడే మా నానమ్మలు ఆరాధనలో పెదవి కదపరు.

పోయిన క్రిస్మస్‌కి ఒక్క పాట కోయలో కట్టాం. మాకంటే ముందు నానమ్మలే అందుకున్నారు. మీ ఊళ్లలో ఇలాంటి పాటలుంటే రాసి పెట్టండి, పాడేవాళ్లు ఉండగానే.