‘స్టాగర్’ ధాత్వర్థ విచారము

హైదరాబాదు నగరమున అమీరుపేట, పంజగుట్ట యను పేళ్లే భాషాసంపర్కమునకు సాక్ష్యములు. మొదటిదానియందు అరబ్బీ ‘అమీరు’ తెలుఁగు ‘పేట’తోడను, రెండవదానియందు పారసీకమగు ‘పంజా’ తెలుఁగు ‘గుట్ట’తోడను గూడినవి. అమీరుపేట నేఁడు శిక్షణాలయములకుఁ బ్రసిద్ధము; ఆంగ్లసంభాషణము నేర్వవచ్చువా రనేకులు. ఒక్కొక్క ఆంగ్లక్రియకు ఒక్కొక్క తెలుఁగు మాటను జతపఱచి వల్లించుట వారికి సులభమే. కాని ‘స్టాగర్’ అను క్రియయెడ నా పద్ధతి చాలదు. ఏల చాలదో దాని చరిత్రమే తెలుపును.

ఈ క్రియ ప్రాచీన నార్సుభాషయందలి ‘స్టక్ర’ నుండి మధ్యాంగ్లమునకు వచ్చినది. ‘స్టక’ యనఁగా నెట్టుట. ‘స్టక్ర’ దానికిఁ బౌనఃపున్యరూపము. సంస్కృతమున యఙ్‌ప్రత్యయము క్రియాసమభిహారమును దెలుపునట్లే, ఇచ్చట మాటిమాటికిఁ బ్రక్కలకు నెట్టఁబడుట యను భావము ధాతువునందే యిమిడియున్నది.

ధాతుపాఠము స్ఖలధాతువునకు సంచలనమును, ఘూర్ణధాతువునకు భ్రమణమును, చలధాతువునకుఁ గంపనమును అర్థములుగాఁ జెప్పి చలనభేదములను వేఱుపఱచినది. తెలుఁగు హేతువును గూడ గమనించును. దేహ మంతయు నిలుకడ దప్పి యొఱగుట తూలుట; అడుగుల క్రమము చెడుట తడబడుట; భయముచేతనో త్వరచేతనో కలుగునది తొట్రుపాటు; మత్తుచేతఁ బరవశమై వ్రాలుట సోలుట. ఇవి యన్నియు ‘స్టాగర్’ అను నొక్కదానియం దడఁగును. ఈ భేదము పండితుల వినోదమునకు మాత్రమే కాదు. పంజగుట్టయందలి నిజాము వైద్యవిజ్ఞానసంస్థవంటి చోట రోగి ‘తూలుచున్నాను’ అనుటకును ‘అడుగు తడబడుచున్నది’ అనుటకును భేద ముండవచ్చును; మొదటిది తలతిరుగుటను, రెండవది కాలిపట్టు దప్పుటను సూచింపవచ్చును. రెంటిని ఒక్క యాంగ్లపదముతో వ్రాసికొన్నచో రోగి చెప్పిన దానిలో సగము పోవును.

లక్షణార్థములందును రెండు భాషల త్రోవలు వేఱు. తెలుఁగున చలనము వాక్కునకుఁ బాఁకినది: ‘మాట తూలినాఁడు’, ‘తూలనాడినాఁడు’. ఆంగ్లమున అది మనస్సునకుఁ బాఁకి సంశయించుట, నివ్వెఱపఱచుట యను నర్థముల నిచ్చినది. మఱియు ఆంగ్లక్రియ రూపము మాఱకయే సకర్మక మగును. తెలుఁగున ‘తూలు’నకు ‘తూల్చు’ అని ప్రేరణరూపము కావలయును.

అన్నిటికంటెఁ జిత్రమైనది మూఁడవ యర్థము. తూలువాని యడుగు లొకటి యిటు, నొకటి యటు పడును. ఆ పోలికచేత 19వ శతాబ్దమున యంత్రశిల్పులు చక్రపుటాకులను ఎడనెడఁ బ్రక్కలు మార్చి కూర్చుటకు ఈ క్రియనే వాడిరి. పిదప అది స్థలమునుండి కాలమునకు వచ్చినది. 1918 ఇన్‌ఫ్లుయెంజా కాలమున న్యూయార్కునందు జనసమ్మర్దము తగ్గింప వ్యాపారవేళలను వేఱువేఱుగా నియమించిరి. 2023 జూలై వర్షములలో సైబరాబాదు పోలీసులు సాంకేతికసంస్థల యుద్యోగులు మూఁడు విడతలుగా ఇండ్లకు బయలుదేఱవలెనని కోరినదియు నీ విధానమే. 2017 నవంబరున మెట్రోరైలు నడచినప్పటినుండి దారులు మాఱుటకు అమీరుపేటలో దిగు జనులకు దీని ప్రయోజనము వివరింప నక్కఱలేదు.

ఇచ్చట ‘తూలు’ అని తెనిఁగించిన నర్థము తలక్రిందగును. నిలుకడ దప్పుటను జెప్పిన మాటయే యిప్పుడు త్రొక్కిసలాట లేకుండఁ జేయు నేర్పాటును జెప్పుచున్నది. ‘విడతలుగా’, ‘అంచెలంచెలుగా’ అనునవియే దీనికిఁ దగిన తెలుఁగు. కావున నిఘంటుకర్తయు నుపాధ్యాయుఁడును కర్తను, హేతువును, కర్మను జూచి పర్యాయమును నిర్ణయింపవలయును.