ఆ క్షణం ఏ గడియారంలోది?

1874 డిసెంబరు 9. విశాఖపట్నం, డాబా గార్డెన్స్. తన మామగారు గోడే వెంకట జగ్గారావుగారు 1840లో కట్టించిన వేధశాలలో అంకితం వెంకట నరసింగరావుగారు దూరదర్శినికి కన్ను ఆనించారు. చెవి మాత్రం గడియారం మీద. టిక్, టిక్, టిక్. తల తిప్పి ముళ్లు చూస్తే ఆ క్షణం జారిపోతుంది. అందుకే అప్పటి పరిశీలకులు చెవితో సెకన్లు లెక్కపెడుతూ కంటితో ఆకాశాన్ని చూసేవారు.

ఏడున్నర ప్రాంతంలో సూర్యబింబం అంచున నల్లటి నొక్కు పడింది. సూర్యుడి మీదుగా దాటబోతున్న శుక్రుడు!

శుక్రుడు ఆ అంచు తాకిన వేళను లోకంలో దూరదూరాన ఉన్నవాళ్లంతా రాసి, ఒకచోట చేర్చి పోలిస్తే భూమికీ సూర్యుడికీ ఉన్న దూరం తేలుతుంది. పట్టిక అందరిదీ, గడియారం మాత్రం ఎవరిది వారిదే. చిక్కంతా అక్కడే. విశాఖ వేళ గ్రీనిచ్ కంటే సుమారు 5 గంటల 33 నిమిషాలు ముందు, మద్రాసు వేళ 5 గంటల 21 నిమిషాలు ముందు. అంతెందుకు, విశాఖ దగ్గరి పద్మనాభం కొండ మీద సూర్యుడు నడినెత్తికొచ్చే వేళకీ డాబా గార్డెన్స్ వేళకీ కూడా కొన్ని సెకన్ల తేడా ఉంటుంది.

అందుకని రాత్రిళ్లు నక్షత్రాలతో గడియారాన్ని సరిచూసుకునేవారు. తప్పు కనబడితే ముల్లు తిప్పేవారు కారు. ఎన్ని సెకన్లు ముందుందో, వెనకుందో పక్కన రాసేవారు. నాకు ఇందులో అన్నిటికన్నా గొప్పగా తోచేది ఈ నిజాయితీయే. పైగా శుక్రుడి అంచు సిరాబొట్టులా సాగి సూర్యుడి అంచును వదలదు. పక్కపక్కన నిలబడి చూసినవాళ్ల లెక్కల్లోనే సెకన్ల తేడా వచ్చేది. ఆ సందేహాన్నీ రాయవలసిందే.

నరసింగరావుగారు పంపిన వివరాలు 1875లో లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. ఏవీఎన్ కాలేజీ గేటు దాటినప్పుడల్లా ఆ మూడక్షరాలు ఆయన పేరేనని గుర్తొస్తుంది నాకు.

ఎవరి గడియారం వారిదన్న ఆ చిక్కును ఇవాళ యంత్రమే తీరుస్తుంది. పదిమంది కలిసి వాడే డేటాబేస్‌లో ఒక వరుస మారితే సాధారణంగా సర్వరే వేళ వేస్తుంది. చాలాచోట్ల ప్రపంచమంతటికీ ఒకటే అయిన యూటీసీలో రాసి, మనకు చూపించేటప్పుడు 5 గంటల 30 నిమిషాలు కలుపుతుంది. ఆ 5:30 మన దేశానికి వచ్చింది 1906 జనవరి 1న. అంతకుముందటి విశాఖ కాగితం మీద ‘ఉదయం పది గంటలు’ అని కనిపిస్తే, అది ఊరి పదా, మద్రాసు పదా అన్నది రాసినవాళ్లు చెప్పి ఉంటే తప్ప మనకు తెలియదు.