పరాయి మైదానాల్లో మన జట్టు

ఐటీ కారిడార్‌లో ఫుట్‌బాల్ అంటే ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ జెర్సీలే. నేను మాత్రం ఐ-లీగ్‌లో ఆడే శ్రీనిధి దక్కన్ వెంట కోజికోడ్, కోల్‌కతా దాకా వెళ్లొచ్చేవాణ్ణి. "మన ఊళ్లో ఫుట్‌బాల్ ఏంటి బాబూ?" అనే కొలీగ్స్‌కి జవాబు చరిత్రలో ఉంది.

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ కప్పు జరిగేది బొంబాయిలో. డ్యూరాండ్ ఢిల్లీలో. అంటే మన ఊరి కీర్తంతా పరాయి మైదానాల్లో సంపాదించిందే! ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. ఆయన శిక్షణలోనే 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో భారత్‌కి స్వర్ణం వచ్చింది. మరుసటేడే క్యాన్సర్‌తో పోయారు.

శ్రీనిధి కథ వేరు. 2022-23లో పంజాబ్, 2023-24లో మొహమ్మడన్ స్పోర్టింగ్ పైకి వెళ్తే, రెండుసార్లూ మనం రెండో స్థానంలో మిగిలాం. ఐఎస్ఎల్‌కి ప్రమోషన్ మొదటి స్థానానికే.

అయినా వెళ్లడం దేనికి? ఐదు కప్పులు తెచ్చిన జట్టునే ఊరు మరిచిపోయింది. కారణం ఓటమి కాదు, చూసొచ్చి చెప్పేవాళ్లు తగ్గిపోవడమేనని నా అనుమానం. రెండో స్థానానికైనా ఒక సాక్షి ఉండాలి కదా.