పౌరసత్వ సవరణ బిల్లు: పార్లమెంటులో జాప్యం ఎవరికి ఆయుధం?

బిల్లును ఓడించేంత బలం లేనప్పుడు ప్రతిపక్షం చేతిలో మిగిలేది కాలం ఒక్కటే. బిల్లును కమిటీకి పంపమనడం, పాయింట్ ఆఫ్ ఆర్డర్ లేవనెత్తడం, సవరణల మీద ఓటింగు కోరడం వంటివాటిని అధికార పక్షం అడ్డంకులంటుంది. ఆ అడ్డంకులు నిజానికి ఎవరికి ఉపయోగపడ్డాయి? పౌరసత్వ సవరణ బిల్లు నడిచిన దారిని బట్టి పరిశీలిద్దాం.

నియమాలు ఏం చెబుతున్నాయి?

అమెరికా సెనేట్‌లో ఒక్క సభ్యుడే గంటల తరబడి మాట్లాడి బిల్లును నిలిపేయవచ్చు. మన దగ్గర అది కుదరదు. ఏ బిల్లుకు ఎన్ని గంటలో సభా వ్యవహారాల సలహా సంఘం ముందే తేలుస్తుంది. ఆ సమయాన్ని పార్టీల బలాన్ని బట్టి పంచుతారు. అందుకే ఇక్కడి సాధనాలు వేరు. లోక్‌సభ 72వ నియమం కింద బిల్లు ప్రవేశపెట్టడాన్నే వ్యతిరేకించవచ్చు. లోక్‌సభ ఆమోదించిన బిల్లును సెలెక్ట్ కమిటీకి పంపాలని రాజ్యసభలో కోరవచ్చు. మూజువాణి ఓటును సవాలు చేసి డివిజన్ అడగవచ్చు.

జాప్యం ఫలించిన కాలం

మొదటి బిల్లు 2016 జూలైలో లోక్‌సభకు వచ్చింది. ఆగస్టులో సంయుక్త పార్లమెంటరీ కమిటీకి వెళ్లింది. కమిటీ నివేదిక 2019 జనవరి 7న వచ్చింది. మర్నాడే లోక్‌సభ బిల్లును ఆమోదించింది. ఈలోగా అస్సాం, ఈశాన్య రాష్ట్రాలు వీధుల్లోకి వచ్చాయి. రాజ్యసభలో బిల్లు చర్చకే రాలేదు. 16వ లోక్‌సభ రద్దుతో, రాజ్యాంగం 107వ అధికరణం ప్రకారం మురిగిపోయింది.

2019 డిసెంబరులో వచ్చిన కొత్త బిల్లులో ఆరో షెడ్యూలు ఆదివాసీ ప్రాంతాలకు, ఇన్నర్ లైన్ ప్రాంతాలకు మినహాయింపు ఉంది. 2016 బిల్లులో అది లేదు. ఉద్యమాలకు కాలం దొరికింది కాబట్టే ఆ మినహాయింపు వచ్చిందని మేం భావిస్తున్నాం.

మూడు రోజుల్లో ముగిసిన కథ

రెండోసారి ప్రభుత్వం కమిటీ మాటే ఎత్తలేదు. డిసెంబరు 9న బిల్లు ప్రవేశాన్నే ప్రతిపక్షం వ్యతిరేకించి డివిజన్ కోరింది: అనుకూలం 293, వ్యతిరేకం 82. అర్ధరాత్రి దాటాక 311–80తో బిల్లు గట్టెక్కింది. 11న రాజ్యసభలో సెలెక్ట్ కమిటీ తీర్మానం 99–124తో వీగిపోయింది. బిల్లు 125–105తో నెగ్గింది. తెలుగు నేల పార్టీల్లో టీఆర్‌ఎస్, ఎంఐఎం వ్యతిరేకించాయి. వైసీపీ, టీడీపీ సమర్థించాయి.

అంత తొందరపడ్డ ప్రభుత్వమే నిబంధనలను 2024 మార్చి 11న గాని ప్రకటించలేదు. నాలుగేళ్లకు పైగా ఆగగలిగిన చట్టాన్ని కమిటీ ముందు కొన్ని నెలలు ఉంచితే వచ్చే నష్టమేమిటి?

దళితులకు ఇందులో ఏముంది?

2019 ఆగస్టు 31న వెలువడిన అస్సాం ఎన్‌ఆర్‌సీ తుది జాబితాలో 19 లక్షలకు పైగా మంది పేర్లు లేవు. పత్రాలు అడిగే ఏ వ్యవస్థలోనైనా భూమి లేనివారు, బడి మెట్లెక్కనివారు, సంచార జాతులవారు ముందు నష్టపోతారు. మరోవైపు, పౌరసత్వం కోసం దశాబ్దాలుగా ఎదురుచూస్తున్న బెంగాల్ నామశూద్ర శరణార్థులూ దళితులే. ఈ రెండు గొంతులూ కలిపి వినడానికి కమిటీ గది కావాలి. ఓటింగు రాత్రి అది జరగదు.

అయితే ప్రతిపక్షం ఈ ఆయుధాన్ని అందరి కోసం ఒకేలా వాడదు. 2019 జనవరి 8న, మొదటి పౌరసత్వ బిల్లు లోక్‌సభలో నెగ్గిన రోజే, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలను మినహాయించిన పది శాతం ఈడబ్ల్యూఎస్ రిజర్వేషన్ల రాజ్యాంగ సవరణ కూడా లోక్‌సభకు వచ్చింది. వచ్చిన రోజే 323–3తో ఆమోదం పొందింది. మర్నాడు రాజ్యసభలో దాన్ని సెలెక్ట్ కమిటీకి పంపాలన్న డీఎంకే తీర్మానానికి 18 ఓట్లే పడ్డాయి. వ్యతిరేకంగా 155. అప్పుడు కాలం అడిగిన పార్టీలు ఎన్ని?

కాబట్టి ఏ బిల్లు వచ్చినా తుది ఓటు ఒక్కటే చూసి ఊరుకోకూడదు. కమిటీకి పంపాలన్న తీర్మానం మీద మన ఎంపీ ఎటు ఓటేశారో కూడా చూడాలి. డివిజన్ జరిగితే ఆ వివరాలు సభా కార్యకలాపాల రికార్డుల్లో పేర్లతో సహా ఉంటాయి. వాటిని తెరిచి, నియోజకవర్గంలో నిలదీయడం మన పని.