పొడి అక్షరాల మత్తు

మనవారు పెద్దలను పొడి అక్షరాలతో ప్రస్తావించడం గౌరవసూచకం. అమెరికాలో ఒక ఆచార్యుని పొడి అక్షరాలు మాత్రం నిషిద్ధ మాదకద్రవ్యాల పట్టికకు ఎక్కాయి.

ఆయన దక్షిణ కరొలైనాలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయపు రసాయన శాస్త్రజ్ఞుడు జాన్ డబ్ల్యు. హఫ్‌మన్. గంజాయికి స్పందించే గ్రాహకం మెదడులో ఉన్నదని 1988లో తేలింది. దాని తీరు తెలుసుకునేందుకు ఆయన బృందం ప్రభుత్వ నిధులతో వందల కొద్దీ అణువులను కూర్చి, ఆయన పొడి అక్షరాలకు వరుస సంఖ్యలు చేర్చి పేర్లు పెట్టింది. వాటిలో జె.డబ్ల్యు.హెచ్.-018 తయారీ సులభం. గంజాయిలోని టి.హెచ్.సి. ఆ గ్రాహకాన్ని పాక్షికంగానే ప్రేరేపిస్తుంది. ఇది పూర్తిగా ప్రేరేపిస్తుంది.

శాస్త్ర పత్రికలను వ్యాపారులూ చదువుతారు. 2008 డిసెంబరులో, జర్మనీలో 'స్పైస్' పేరుతో అమ్ముతున్న ఎండుటాకులలో ఈ అణువు బయటపడింది. అమెరికాలో అలాంటి పొట్లాలనే ధూపద్రవ్యాలుగా పెట్రోలు బంకులలో అమ్మారు. మనుషులు సేవించరాదని వాటిపై ముద్రించారు. అది జనక్షేమం కోరి వేసిన ముద్ర కాదు. నిషిద్ధ ద్రవ్యాలను పోలిన వాటిని అరికట్టే 1986 నాటి చట్టం, మనుషులు సేవించేందుకు ఉద్దేశించిన వాటికే వర్తిస్తుంది!

2011 మార్చి 1న మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ డి.ఇ.ఎ. 018ని, మరి నాలుగింటిని తాత్కాలికంగా మొదటి షెడ్యూలులో చేర్చింది. 2012 జూలైలో అధ్యక్షుడు ఒబామా సంతకం చేసిన చట్టం పదిహేను అణువులను పేరుపేరునా, ఐదు రసాయన కుటుంబాలను మొత్తంగా నిషేధించింది. తయారీదారులు ఆ కుటుంబాలకు చెందని అణువులను వెదుక్కున్నారు. 2016 జూలైలో న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో ఒకే రోజు 33 మంది అలాంటి కొత్త మత్తుకు గురై కొయ్యబారిపోయారు. ఆ అణువును డి.ఇ.ఎ. షెడ్యూలులో చేర్చేసరికి 2017 నవంబరు వచ్చింది.

కృత్రిమమైనంత మాత్రాన ఇవన్నీ నిషిద్ధాలు కావు. ప్రయోగశాలలో తయారైన టి.హెచ్.సి.ని డ్రోనబినాల్ పేరుతో, క్యాన్సరు చికిత్సలో వచ్చే వాంతులకు మందుగా ఎఫ్.డి.ఎ. 1985లోనే ఆమోదించింది. ఆ గుళికలో ఏముందో, ఎంత ఉందో వైద్యునికి తెలుసు. బంకులో కొన్న పొట్లంలో ఏముందో అమ్మినవానికీ తెలియదు. గంజాయి కోసం చేసే మామూలు మూత్రపరీక్ష ఈ అణువులను పట్టదు. అత్యవసర విభాగంలో రోగి ఎదుట ఉన్నా, విషం పేరు తెలియదు.

వాటిని సేవించడం ప్రాణాలతో జూదమని హఫ్‌మన్ పత్రికలవారికి చెప్పారు. మెదడును అర్థం చేసుకోవడానికి పుట్టిన ఆ అణువును నేడు పరిశోధకులు తాకాలన్నా డి.ఇ.ఎ. అనుమతి కావాలి. దొంగ వ్యాపారి మాత్రం ఏనాడో దానిని వదిలి, ఇంకా పేరు పడని మరో అణువు దగ్గరకు వెళ్ళిపోయాడు.