లింగ్డో నిబంధనలు – ఒక యూనివర్సిటీ కథ

రూల్సు పుస్తకం కనబడితే తిరగేయకుండా ఉండలేని అలవాటు రిటైరైనా మనలో చాలామందికి పోలేదు. విద్యార్థి సంఘాల ఎన్నికలకూ అలాంటి రూల్సు ఉన్నాయి.

ఆ ఎన్నికల్లో డబ్బు, దౌర్జన్యం పెరిగాయని మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె.ఎం.లింగ్డో అధ్యక్షతన కమిటీ వేశారు. దాని సిఫార్సులను 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు అమలు చేయమన్నది. అభ్యర్థి ఖర్చు రూ.5,000 మించరాదు. అచ్చు పోస్టర్లు కూడదు, చేతితో రాసినవే అంటించాలి. 75 శాతం హాజరుండాలి. ఫలితాలు వచ్చిన రెండు వారాల్లో ఆడిటైన లెక్కలు దాఖలు చేయాలి. (ట్రెజరీలో చేసినవారు ఇక్కడ నవ్వుకుంటారు!)

రూల్సు మంచివే. అయితే ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో విద్యార్థులే తమ ఎన్నికల కమిషన్‌ను ఏర్పరచుకొని, నామినేషన్ల నుంచి ఓట్ల లెక్కింపు వరకు తామే నడుపుకునేవారు. చేతిరాత పోస్టర్లు అక్కడ పాత ఆచారమే. అధ్యక్ష పదవికి నిలబడ్డవారు ఒకే వేదికపై నిలిచి ప్రశ్నలకు జవాబు చెప్పాలి. మన అసెంబ్లీ అభ్యర్థులు ఎవరైనా ఆ పని చేస్తారా?

అయినా వయోపరిమితి వంటి నిబంధనలు పాటించలేదని 2008 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ ఎన్నికలను ఆపింది. రోగం ఒకచోట, మందు మరొకచోట అన్నట్లయింది. 2011 డిసెంబరులో పరిశోధక విద్యార్థుల వయోపరిమితిని 28 నుంచి 30కి సడలించారు. 2012 మార్చిలో మళ్లీ పోలింగ్ జరిగింది. 2009లో ఎం.ఏ.లో చేరినవారు ఒక్క ఓటైనా వేయకుండానే 2011లో చదువు ముగించుకొని వెళ్లిపోయారు.