కారు పొగలోని గ్యాస్ ఊపిరితిత్తులకు మందెలా అయింది?

1891లో మాంట్ బ్లాంక్ కొండ మీద జాకొటె అనే కుర్ర డాక్టర్ చనిపోయాడు. కిందికి రమ్మంటే రాలేదు, ఎత్తులో ఒంటికి ఏమవుతుందో చూస్తానన్నాడు. న్యుమోనియా అనుకున్నారు. చాలా ఏళ్లు అందరికీ అదే పేరు పెట్టారు. 1960లో చార్లెస్ హ్యూస్టన్ అనే అమెరికన్ డాక్టర్, ఇది ఊపిరితిత్తుల్లో నీరు చేరడం అని రాశాడు. 1962 యుద్ధమప్పుడు ఉన్నట్టుండి హిమాలయాలకు చేర్చిన మన జవాన్లలోనూ ఇదే కనిపించింది.

ఎందుకలా? ఆక్సిజన్ తగ్గితే ఊపిరితిత్తుల్లో రక్తనాళాలు బిగుసుకుంటాయి. అన్నీ ఒకేలా కాదు. నాకైతే లోడ్ బ్యాలెన్సర్ పోయిన సర్వర్లు గుర్తొస్తాయి: కొన్ని మూసుకుపోతే లోడంతా మిగతావాటి మీద పడి, అవి లీకవుతాయి.

వాటిని వదులు చేసేది నైట్రిక్ ఆక్సైడ్. అవును, కారు పొగలో ఉంటుందే, అదే! దాన్ని మన రక్తనాళాల గోడలే తయారుచేస్తాయని 1987లో తేలింది, 1998లో నోబెల్ వచ్చింది. మధ్యలో 1996లో వచ్చిన ఒక పరిశోధన నాకు భలే నచ్చింది. ఆల్ప్స్‌లో 4,559 మీటర్ల ఎత్తున, ఈ జబ్బు వచ్చే తత్వమున్న 18 మంది పర్వతారోహకులకు ఆ గ్యాస్ పీల్చడానికిచ్చారు. ఊపిరితిత్తుల్లో ప్రెషర్ తగ్గింది, వాళ్లలో ఊపిరితిత్తుల్లో నీరు చేరినవాళ్లకు రక్తంలో ఆక్సిజన్ పెరిగింది.

అయినా కొండ మీద డాక్టర్లు ముందు చెప్పేది ఇప్పటికీ ఒకటే: కిందికి దిగు.